బండి డీజిలు తాగుతోంది

నాగేంద్రబాబుకు నిలకడ లేదని వాళ్ళ అక్క వీరలక్ష్మి చిన్నప్పటినుంచీ అంటుండేది. కూర్చుంటే మోకాలు ఆడిస్తాడు. కంచం ముందు కూర్చున్నవాడు మజ్జిగ దాకా రాకుండానే లేచి వీధిలోకి తొంగి చూసి వస్తాడు. బావతో కలిసి గుడివాడలో సెకండ్ హ్యాండు పికప్ వ్యాను కొన్న తర్వాత ఆ నిలకడలేనితనమంతా దాని ఇంజన్ మీదికి మళ్ళింది.

కోడూరులో కాలవ గట్టు పక్కనే అక్కా తమ్ముళ్ళ ఇళ్ళు, మధ్యలో పిట్టగోడ. పొద్దుటి పూట నాగేంద్ర అరటి గెలలో కూరగాయలో వేసుకుని బందరు మార్కెట్టుకు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాడు. అక్కడినుంచి బండి బావ బంగార్రాజుది. ఆయన ఐసు తెచ్చి చెరువుల దగ్గర దించి, పట్టుబడి రోజున వలేసి పట్టిన రొయ్యల్ని ఆ ఐసులోనే సర్దించి, బందరులో షెడ్డుకు చేర్చేవాడు. సెల్‌ఫోన్లు ఇంకా పెద్ద రైతుల జేబుల్లో మాత్రమే ఉన్న రోజులు. బండి ఎక్కడుందో తెలియాలంటే చెవులు రిక్కించి వినడమొకటే మార్గం. నాగేంద్ర వాకిట్లో నిలబడి వినేవాడు.

"మూడో గేరులోనే వస్తున్నాడు. ఇంకో గేరు వేస్తే చెయ్యి పడిపోతుందా," అని గొణుక్కునేవాడు.

"నాకసలు చప్పుడే వినపడటంలేదు. లోపలికి రండి, కూర చల్లారిపోతోంది," అనేది భార్య పూర్ణిమ.

అతని భయానికి కారణం లేకపోలేదు. అంతకుముందు అతనికో డీజిలు ఆటో ఉండేది. మోపిదేవి దగ్గర ఒకరోజు ఆయిలు కారిపోయిన సంగతి చూసుకోలేదు, ఇంజన్ పట్టేసింది. పట్టేసే ముందు అది చేసిన చప్పుడు, ఎవరో పళ్ళు నూరినట్టు, అతని చెవుల్లోంచి పోలేదు. ఆ తర్వాత ఒక వ్యవసాయం సీజనంతా పనిలేకుండా గట్టు మీద తిరిగాడు. అందుకని ఈ వ్యాను వచ్చాక ఒకటే పట్టుదల. ఇంజన్ పది కాలాలపాటు నిలవాలి, డీజిలు చుక్క కూడా వృథా కాకూడదు. ఆయిలు గడువుకు ముందే మార్చేవాడు. కోతల రోజుల్లో ఊక ధూళి పట్టేస్తుందని ఎయిర్ ఫిల్టరు రోజూ దులిపేవాడు. వీలైనంత త్వరగా టాప్ గేరులో వేసి, కాలు ఆనించీ ఆనించకుండా నడిపేవాడు. ఊరు వస్తుందనగా న్యూట్రల్ చేసి జారనిచ్చేవాడు. ట్యాంకు ప్రతిసారీ అవనిగడ్డలో ఒకే బంకులో, మూతి దాకా పోయించి, వచ్చిన మైలేజీ మనసులో లెక్క కట్టుకునేవాడు.

ఆ లెక్క ఒక సంక్రాంతి వెళ్ళాక తగ్గడం మొదలైంది.

మొదటిసారి లోడు ఎక్కువైందనుకున్నాడు. రెండోసారి సముద్రపు గాలి ఎదురు కొడుతోందనుకున్నాడు. టైర్లలో గాలి పెంచి చూశాడు. మోపిదేవి దాటి న్యూట్రల్లో వదిలితే మలుపు దాకా జారిపోయే బండి మధ్యలోనే ఆగిపోతోంది. అప్పుడిక ఆగలేక ఒక బుధవారం గెలలు దించేసి నేరుగా గుడివాడ తోలుకెళ్ళాడు.

గుడివాడలో డీజిలు పంపులు బాగుచేసే గోవర్ధనరావు మాటకారి. చేతులు పని చేస్తున్నా నోరు ఆగదు. నాజిళ్ళు విప్పి పొగమంచులా చిమ్ముతున్నాయో లేదో చూసి రెండు మార్చాడు. ట్యాపెట్లు సరిచేశాడు. పంపును పరీక్ష బల్ల మీదికెక్కించి చూసి, "ఇది కంపెనీ పెట్టినట్టే ఉందండీ. దీన్ని కదపక్కర్లేదు," అన్నాడు.

"డీజిలు కొంచెం తగ్గించండి గోవర్ధనరావు గారూ. నాకు స్పీడు అక్కర్లేదు."

"తగ్గిస్తే లోడు మీద లాగదు. లాగనప్పుడు మీరు టాప్ గేరులో పెట్టి ఈడ్పిస్తారు. డీజిలు మిగలడం తర్వాత సంగతి, బేరింగులు పోతాయి."

"నేను చూసుకుని నడుపుతాను గదా."

"బండి మీరొక్కరే నడుపుతారా?"

నాగేంద్ర డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. గోవర్ధనరావు కాసేపు చూసి, మీ బండి మీ ఇష్టం అన్నట్టు తల ఊపి, పంపు మీద డీజిలు కొలిచే స్క్రూ తిప్పి, తీగ చుట్టి సీసపు సీలు వేశాడు.

బావకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు.

నాలుగు రోజులు తిరక్కుండానే బంగార్రాజు పిట్టగోడ దగ్గరికి వచ్చాడు. ఆయన మునుపు దూరాలు తిరిగే లైను లారీల మీద చేసినవాడు. నిదానస్తుడు, మాట పెంచడు. ఆరోజు చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుని ఉంది.

"బండికేం చేశావు నాగేంద్రా?"

"ఏం చెయ్యలేదు బావా. ట్యూనింగ్ చేయించాను."

"ట్యూనింగా అది? పీక పిసికినట్టుంది. పులిగడ్డ వారధి ఎక్కేచోట ఐసు లోడుతో ఆగిపోయాను. వెనక బస్సు, దాని వెనక ట్రాక్టర్లు. ఫస్టు గేరులో పాక్కుంటూ వచ్చేసరికి సగం ఐసు నీళ్ళయింది. రొయ్యల రైతు నరసింహం గారు చెరువు గట్టు మీద అందరి ముందూ కడిగేశాడు."

"కాస్త ముందుగా బయల్దేరితే సరిపోతుంది గదా."

"రొయ్యకు చెప్పు ఆ మాట," అని బంగార్రాజు వెళ్ళిపోయాడు.

మర్నాడు నాగేంద్ర బానెట్టు ఎత్తితే సీసపు సీలు లేదు. స్క్రూ పైకి తిప్పి ఉంది. స్టార్టు చేస్తే నల్లటి పొగ అరటి ఆకుల మీదికి కొట్టింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. స్క్రూడ్రైవరు తీసుకుని మళ్ళీ కిందికి తిప్పాడు. మధ్యాహ్నం అది మళ్ళీ పైకి వెళ్ళింది. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు బానెట్టు ఎత్తి దించడం పూర్ణిమా వీరలక్ష్మీ రెండు వాకిళ్ళలోంచీ చూస్తూనే ఉన్నారు.

"ఒక్క స్క్రూకు ఇద్దరు మేస్త్రులు. దానికి నోరుంటే ఏడ్చేది వదినా," అంది పూర్ణిమ.

వీరలక్ష్మి నవ్వలేదు. "వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో," అంది.

మైలేజీ ఇంకా పడిపోయింది. స్క్రూ వల్ల వచ్చే తేడా ఎంతో నాగేంద్రకు తెలుసు. ఇది దానికి మించిపోయింది. బంకు నుంచి ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచన. డీజిలు ఎటు పోతోంది? పైపులు చూశాడు, కారడంలేదు. ట్యాంకు కింద అట్టముక్క పరిచి చూశాడు, పొద్దునకు పొడిగానే ఉంది. కారనిది, కాలనిది, ఇంకెటు పోతుంది? ఆ ప్రశ్న ఒకసారి బుర్రలో దూరాక, జవాబు దానంతటదే వెనకాలే దూరింది. బావ ఐసు ఫ్యాక్టరీ దగ్గర చాలాసేపు ఆగుతాడు. అక్కడ బోటు ఇంజన్లవాళ్ళు డీజిలు కోసం తిరుగుతుంటారు. ఇది ఎవరూ చెప్పింది కాదు, అతను చూసిందీ కాదు. అయినా రోజురోజుకీ అది చూసినంత నిజంగా కనిపించసాగింది.

ఒకరోజు ఉండబట్టలేక మోపెడ్ మీద నరసింహం చెరువు గట్టుకు వెళ్ళాడు, బండి ఏ వేళకు వస్తోందో ఏ వేళకు వెళ్తోందో కనుక్కుందామని. పట్టుబడి నడుస్తోంది. కూలీ ఆడవాళ్ళు నడుమెత్తు పేర్చిన ట్రేల మధ్య నిలబడి రొయ్యలు ఏరుతున్నారు. నరసింహం గొడుగు కింద కుర్చీలో కూర్చుని, అతను అడిగినవన్నీ విని, "ఏంటయ్యా, డీజిలు బండి తాగుతోందా, మీ బావ తాగుతున్నాడా?" అన్నాడు హాస్యానికి.

నాగేంద్ర నవ్వి ఊరుకుంటే సరిపోయేది.

"బండికి అంత దాహం లేదండీ. దారిలో ఎక్కడో దింపేస్తున్నాడు. ఎవరికి పోస్తున్నాడో తెలియాలి," అన్నాడు.

ఏరుతున్న ఆడవాళ్ళలో ఒకామె తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. అన్నవాడికే ఆ మాట తన నోటినుంచి వచ్చినట్టు అనిపించలేదు. కానీ వెనక్కి తీసుకోలేదు, మోపెడ్ స్టార్టు చేసుకుని వచ్చేశాడు.

ఆ సాయంత్రం లోడుకు వెళ్ళిన బంగార్రాజుతో నరసింహం, "ఇవ్వాళ్టినుంచి నువ్వొద్దులే, మీ బావమరిదిని రమ్మను," అన్నాడట. బంగార్రాజు ఖాళీ బండితో తిరిగొచ్చాడు. చప్పుడు విని నాగేంద్ర లోపలే ఉండిపోయాడు. బంగార్రాజు గుమ్మంలోకి వచ్చి తాళంచెవి కిటికీలో పెట్టాడు.

"బావా, కూర్చో," అన్నాడు నాగేంద్ర.

"నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి గదరా," అన్నాడు బంగార్రాజు. అంతే. మర్నాడు మొదటి బస్సుకు గుడివాడ వెళ్ళి, హౌరాకు చేపలు తోలే లారీ మీద రెండో డ్రైవరుగా ఎక్కాడని తర్వాత తెలిసింది.

వీరలక్ష్మి తమ్ముడి ఇంటి వైపు తిరిగి చూడటం మానేసింది. అతనే పిట్టగోడ దగ్గర నిలబడి, "అక్కా, బావ ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు.

"నీకెందుకురా? బండి నీ దగ్గరే ఉందిగా," అని ఆమె బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రెండు పూటలూ బండి నాగేంద్రదే అయింది. మొదటి సాయంత్రమే ఐసు లోడుతో బందరులో బయల్దేరి తన పద్ధతిలో మెల్లగా వస్తుంటే, చల్లపల్లి దాటేసరికి వెనక తలుపు కిందినుంచి నీళ్ళు ధారకట్టాయి. అద్దంలో ఆ ధార చూస్తూ ఎంతసేపని ఓపిక పడతాడు? కాలు దానంతటదే కిందికి నొక్కుకుపోయింది. ఇంజన్ అరిచింది, పొగ చిమ్మింది. అయినా చెరువు దగ్గరికి చేరేసరికి ఐసు పిడికిళ్ళంత ముక్కలయింది. "మీ బావే నయం," అన్నాడు నరసింహం.

ఆ వారం అవనిగడ్డ బంకులో ట్యాంకు మూతి దాకా పోయించాడు. అంతకుముందు ఎన్నడూ పట్టనంత పట్టింది. పైపు పట్టుకున్న కుర్రాడు, "ఇంకా పడుతోందండీ," అంటున్నాడు. నాగేంద్ర బంకు మీటరు వంకే చూస్తున్నాడు. ఈసారి బండి తన చేతిలోంచి జారలేదు. తాళంచెవి తన జేబులోనే ఉంది. దింపింది ఎవరు?

ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి అతను రోజంతా పని కల్పించుకున్నాడు. ఫిల్టర్లు కడిగాడు. బంకువాడు కొలతలో మోసం చేస్తున్నాడని ఇంకో బంకుకు వెళ్ళాడు. అక్కడా అంతే. అన్నం సహించలేదు. పూర్ణిమ కంచం తీసేస్తూ, "బండి సంగతి కాదు మిమ్మల్ని తినేస్తోంది," అంది. అతను వినపడనట్టు లేచి వెళ్ళాడు.

పెదపారుపూడిలో పెళ్ళికి అరటి గెలలూ ఆకులూ కావాలన్నారు. ఎండెక్కేవేళకు పెళ్ళివారి ఇంటి ముందు బండి ఆపి, అలవాటు ప్రకారం హ్యాండ్‌బ్రేక్ ఊడిపోయేంత గట్టిగా లాగి దిగాడు. వంటశాల ఆ పక్కనే. గుండిగలు తోముతున్న ఒకామె గిన్నెడు నీళ్ళు రోడ్డు మీదికి విసిరింది. వాటిలో కొన్ని వెనక ఎడమ చక్రం మీద పడ్డాయి. సుయ్‌మని ఆవిరి లేచింది.

"అయ్యో, మీ బండి కాగుతోందండీ," అంది ఆమె.

నాగేంద్ర వంగి డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టబోయి చటుక్కున లాక్కున్నాడు. అవతలి వైపు వెళ్ళి కుడి చక్రం ముట్టుకున్నాడు. ఎండకు వేడెక్కిన వేడి, అంతే. గెలలు దించమని లోపల్నించి కేకలు వేస్తున్నా వినకుండా ఎడమ వైపు జాకీ పెట్టి ఎత్తాడు. లోపలికి వెళ్ళి హ్యాండ్‌బ్రేక్ వదిలి వచ్చి చక్రం తిప్పబోయాడు. రెండు చేతులా తోస్తే ఒక జానెడు కదిలి ఆగిపోయింది. కింద పడుకుని చూశాడు. హ్యాండ్‌బ్రేక్ తీగ గొట్టం లోపల తుప్పు పట్టి బిగిసిపోయింది. రొయ్యల ట్రేల ఉప్పునీళ్ళు ఎన్ని నెలలుగానో సరిగ్గా దాని మీదే కారుతున్నాయి. పైన కాడ వదిలినా కింద తీగ వదలడంలేదు. చక్రం బ్రేకు పట్టుకునే తిరుగుతోంది, ఇంజన్ దాన్ని రోజంతా ఈడ్చుకెళ్తోంది.

అతను బండి కిందనే వెల్లకిలా ఉండిపోయాడు. న్యూట్రల్లో వదిలినప్పుడు బండి మధ్యలో ఎందుకు ఆగిపోయేదో ఇప్పుడు అర్థమైంది. బావ హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోడు. బండి ఆపితే గేరులో ఉంచి చక్రం వెనక రాయి పెడతాడు. బండివాడి పద్ధతి కాదది, ఎడ్లబండి పద్ధతి అని తనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు. రోజూ పొద్దున మార్కెట్టులో బ్రేకు బిగించేది తను. బిగిసిన బండినే సాయంత్రం బావ చేతికి ఇచ్చేది తను.

"డ్రైవరుగారూ, ముహూర్తానికి గెలలు కట్టాలండీ," అని ఎవరో వంగి చూశారు. అతను లేచి ముఖం తుడుచుకున్నాడు.

గుడివాడలో కొత్త తీగ వేయించుకుని, డ్రమ్ములు విప్పించి, కాలిపోయిన బ్రేకు లైనర్లు మార్పించి ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పిట్టగోడ దాటి అక్క ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. మోకాలు ఆడిపోతూనే ఉంది. జరిగింది మొత్తం చెప్పాడు. వీరలక్ష్మి బియ్యం చెరుగుతూ చేట ఆపకుండా విన్నది.

"నాకు చెప్పి ఏం లాభం? నువ్వా మాట నా దగ్గర అనలేదుగా," అంది.

"బావకు చెప్తాను."

"ఆయన దగ్గరా అనలేదు. ఎక్కడన్నావో అక్కడికెళ్ళి చెప్పు."

దానికంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేదనిపించింది. రెండు రోజులు ఆ పని వాయిదా వేశాడు. చెరువు వైపు వెళ్ళే దారి వస్తే తల తిప్పుకున్నాడు. మూడోరోజు పట్టుబడి ఉందని తెలిసి వెళ్ళాడు. నరసింహం ఎవరో వ్యాపారితో మాట్లాడుతున్నాడు. నాగేంద్ర దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"నరసింహం గారూ, ఆరోజు మా బావ గురించి ఒక మాట అన్నాను. అది తప్పండీ. డీజిలు ఆయన తియ్యలేదు. హ్యాండ్‌బ్రేక్ పట్టేసి బండి తాగేసింది. ఆ బ్రేకు లాగిందీ నేనే."

"పోనీలేవయ్యా, అయిపోయిందేదో అయిపోయింది," అన్నాడు నరసింహం, వ్యాపారి ముందు ఈ గోల దేనికన్నట్టు.

నాగేంద్ర కదల్లేదు. ఆడవాళ్ళు ఏరుతున్న వైపు తిరిగి, అదే మాట ఇంకాస్త పెద్దగా మళ్ళీ చెప్పాడు. చెవులు వేడెక్కాయి. ఆరోజు తలెత్తి చూసిన ఆమే ఈసారీ తలెత్తింది.

"మరి ఆయన్ని ఎక్కడికి పంపేశావయ్యా?" అంది.

"తీసుకొస్తానమ్మా," అన్నాడు.

చేపల లారీలు హౌరా నుంచి వచ్చి గుడివాడ అవతల ఒక ప్యాకింగ్ షెడ్డు దగ్గర ఆగుతాయి. బావ లారీ ఏరోజు వస్తుందో అక్కడ ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. నాగేంద్ర రోజూ గెలలు దించేసి వచ్చి ఆ షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగేవాడు. టీకొట్టువాడు అతనికి బెంచీ చూపించడం మానేశాడు, ఎలాగూ కూర్చోడని. చివరికి ఒక మధ్యాహ్నం దుమ్ము కొట్టుకుపోయిన లారీలోంచి బంగార్రాజు దిగాడు. గడ్డం పెరిగింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాగేంద్రను చూసి ఆశ్చర్యపోలేదు.

"మీ అక్క బాగుందా?"

"బాగుంది. బావా, నేను..." అని మొదలుపెట్టి, చక్రం సంగతీ తీగ సంగతీ గబగబా చెప్పుకుపోయాడు. చెరువు గట్టు మీద చెప్పిన సంగతి మాత్రం చివర్లో, తల దించుకుని చెప్పాడు.

బంగార్రాజు టీ తెప్పించుకుని సగం తాగాడు.

"ఆ మాట నరసింహం అనుంటే పట్టించుకునేవాణ్ణి కాదు. అన్నది నువ్వు. హౌరా వెళ్ళేదాకా అదే వినపడింది నాకు," అన్నాడు.

నాగేంద్ర ఆయన సంచి అందుకున్నాడు. "రా బావా, ఇంటికెళ్దాం," అన్నాడు.

"ఇంకో ట్రిప్పు ఒప్పుకున్నాను. మాటిచ్చి ఎగ్గొట్టను. అది అయ్యాక చూద్దాం." గ్లాసు కింద పెట్టాడు. "రెండు రోజులు సెలవుంది. ఇంటిదాకా వస్తాను. స్క్రూ ఇప్పుడెక్కడుంది?"

"నువ్వు పెట్టినచోటుందో నేను పెట్టినచోటుందో నాకే తెలియదు."

బంగార్రాజు పెదవుల మీద నవ్వులాంటిది ఏదో వచ్చి పోయింది. ఇద్దరూ గోవర్ధనరావు దగ్గరికి వెళ్ళారు. ఆయన పంపు మళ్ళీ బల్ల మీదికెక్కించి, మొదట ఉన్నట్టే పెట్టి, "ఇక దీని మీద ఎవరి చెయ్యీ పడకూడదండీ. పడితే ఇద్దరూ నా దగ్గరికి రాకండి," అని సీలు నొక్కాడు. స్టార్టు చేస్తే పొగ కనిపించలేదు. నాగేంద్ర చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా తేడాలేదు. తేడా లేకపోయినా ఇంకాసేపు విన్నాడు.

"నువ్వే నడుపు, నాకు నిద్రొస్తోంది," అని బంగార్రాజు పక్క సీట్లోకి ఎక్కాడు.

దారిలో పామర్రు దగ్గర కోడూరు వైపు చెరువులకని ఎవరో రొయ్యల మేత బస్తాలు వేశారు. బండి బరువెక్కింది. చల్లపల్లి, మోపిదేవి దాటారు. బంగార్రాజు కళ్ళు మూసుకునే ఉన్నాడు. నాగేంద్రకు మాట్లాడాలని ఉంది, ఏం మాట్లాడినా చాలదనీ అనిపిస్తోంది. స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. పులిగడ్డ వారధి ఎక్కుడు మొదలైంది. అతను అలవాటుగా టాప్ గేరులోనే ఎక్కించబోయాడు. బండి బరువుగా దడదడలాడింది, క్యాబిన్ అదిరింది.

"గేరు దించు," అన్నాడు బంగార్రాజు, కళ్ళు తెరవకుండానే. "దాన్ని ఈడ్పించకు. ఊపిరి తీసుకోనీ."

నాగేంద్ర గేరు దించాడు. దడ ఆగిపోయి ఇంజన్ తేలిగ్గా పైకెత్తుకుంది. కింద కృష్ణ నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. ఎదురుగా వస్తున్న బస్సుకు దారి ఇస్తూ అతను పక్కకు చూశాడు. బావ ఈసారి నిజంగానే నిద్రపోయాడు.